ఆయిల్ లైటు వైరు పీకేసి బండి అమ్మారు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మార్కెట్‌కు కూరగాయలు తోలుకుంటూ బతుకుతున్నాను, బండి నేనే నడుపుతాను. రెండు నెలల క్రితం పాత బండ్ల డీలర్ దగ్గర 4.20 లక్షలకు డీజిల్ పికప్ కొన్నాను. ‘ఇంజిన్ ఫుల్ కండిషన్, నాదీ గ్యారంటీ’ అని వాట్సాప్‌లో రాశాడు. మొన్న సర్వీసుకిస్తే, ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ తగ్గితే ఎర్ర లైటు వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైరు పీకి, కొసకు టేపు చుట్టి ఉంది. మెకానిక్ తగిలించాక, ఇంజిన్ వేడెక్కితే ఐడిల్‌లో (రేస్ ఇవ్వకుండా ఊరికే ఆడుతున్నప్పుడు) ఆ ఎర్ర లైటు వెలుగుతోంది. ఇంజిన్ విప్పాలంటున్నాడు. ‘ఉన్నది ఉన్నట్టుగా కొన్నానని సంతకం పెట్టావుగా’ అంటున్నాడు డీలర్. ఏం చేయాలి?

జవాబు: ముందు ఇంజిన్ విప్పనివ్వకండి. మీ కేసుకు అదే సాక్ష్యం. విప్పాక ‘మీ మెకానిక్కే పాడు చేశాడు’ అనడానికి డీలర్‌కు సందు దొరుకుతుంది. బండిని కిరాయికి కూడా తిప్పొద్దు. లైటు చూసి కూడా నడిపి ఇంజిన్ పట్టేస్తే, పెరిగిన ఆ నష్టం అడగడం కష్టం.

లైటు వెలిగినంత మాత్రాన ఇంజిన్ లోపలి బేరింగులు అరిగి ప్రెషర్ పడిపోయిందనుకోవద్దు. స్విచ్చే పోయి ఉండొచ్చు, ఆయిల్ తగ్గి ఉండొచ్చు, డీజిల్ కలిసి పలచబడి ఉండొచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ స్విచ్ తీయించి, అక్కడ మెకానికల్ గేజ్ బిగించి ప్రెషర్ చూడమనండి. చల్లగా ఉన్నప్పుడు ఎంత, బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, రేస్ ఇస్తే ఎంత, మాన్యువల్ ప్రకారం ఎంత ఉండాలి: ఇవన్నీ జాబ్ కార్డు మీద రాయించుకోండి. పరీక్ష తేదీ డీలర్‌కు ముందే రిజిస్టర్డ్ పోస్టులో తెలపండి. ఆ టేపు ముక్క పారేయొద్దు. తాను చూసింది చూసినట్టు మెకానిక్ చేత రాయించి సంతకం తీసుకోండి.

ఇక ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట. చూస్తే తెలిసే లోపాల వరకూ అది డీలర్‌ను కాపాడవచ్చు. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెడితే, కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది మోసం. ‘తాళం తిప్పగానే వెలగాల్సిన లైటు వెలగలేదు, ఎందుకు చూసుకోలేదు?’ అని అవతలి వకీలు తప్పక అడుగుతాడు. మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైతే కొన్నవాడు ఒప్పందం రద్దు చేసుకోలేడని 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అది ఊరికే చెప్పకుండా ఊరుకున్నవాడికి పనికొస్తుంది గానీ, వైరు పీకి టేపు చుట్టినవాడికి కాదు.

అయితే ఆ పని డీలరే చేశాడని, లేదా అతనికి తెలుసని మీరు రుజువు చేయాలి. పాత ఓనర్ చేసి ఉంటే? అప్పుడు వాట్సాప్ మెసేజే మీకు దిక్కు. అది రాతలో ఇచ్చిన హామీ. అది తప్పితే 1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద నష్టపరిహారం అడగొచ్చు. చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి.

రిపోర్టు చేతికొచ్చాక 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇవ్వండి. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. స్వయం ఉపాధికే కొన్నారు కాబట్టి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారుడే. బండి మీరే నడుపుతారన్న సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. మీ సొంత జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పోలీసు కేసుతో మాత్రం మొదలుపెట్టొద్దని నా సలహా. డీలర్‌కు తెలుసన్న ఆధారం లేకుండా వెళితే ‘సివిల్ తగాదా’ అని పంపేస్తారు.

ఒకవేళ గేజ్‌లో ప్రెషర్ సరిగ్గానే వస్తే, కొత్త స్విచ్ వేయించుకుని బండి రోడ్డెక్కించండి. ఆ కాస్త ఖర్చు కోసం కమిషన్ చుట్టూ తిరగమని నేను చెప్పను.