వాపు కనిపించకుండా చెయ్యి బరువెక్కితే లింఫెడీమా అని అనుమానించాలా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషనులో చంకలోని లింఫు గ్రంథులు తీసేశారని, కొన్ని నెలలుగా ఆ చెయ్యి బరువుగా ఉంటోందని, పైకి వాపేమీ లేదు కాబట్టి ఇదంతా భ్రమేమోనని రాశారు. భ్రమ అని కొట్టిపారేయకండి. లింఫెడీమా, అంటే లింఫు ద్రవం సరిగా పారక ఒకచోట చేరి వచ్చే వాపు, నాకూ అలాగే మొదలైంది.

సాయంత్రానికి చెయ్యి నాది కానట్టు ఉండేది. నొప్పి కాదు, లోపల ఏదో నిండిపోయినట్టు బిగువు. పొద్దున్నకు తగ్గిపోయేది. ఇలా వచ్చిపోతుంటుంది కాబట్టే చాలామంది పట్టించుకోరు. నిజానికి తొలి దశ తీరే అది: చెయ్యి ఎత్తుగా పెట్టుకుంటే ద్రవం దిగిపోతుంది. ముదిరాక రాత్రంతా పడుకున్నా దిగదు, చర్మం కింద గట్టిపడటం మొదలవుతుంది.

అద్దం కంటే ఉంగరం ముందు పట్టిస్తుంది. అది వేలికి బిగియడం, వాచీ పట్టీ అచ్చు చాలాసేపు చెరగకపోవడం, చొక్కా ఒక చేతికి మాత్రమే పట్టేయడం గమనించండి. ముంజేతి మీది నరాలు, వేళ్ల కణుపులు రెండో చేతికి ఉన్నంత తేటగా కనిపించవు. వేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట పడవచ్చు. పడనంత మాత్రాన ఏమీ లేదని కాదు. చంక పక్కన, వీపు వైపు, రొమ్ములో కూడా ఇలాంటి బిగువు రావచ్చు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది కొలత టేపు. మణికట్టు దగ్గర, మోచేతికి కింద, పైన కొన్ని చోట్లు ఖాయం చేసుకుని, రెండు చేతులనూ ఎప్పుడూ ఒకే వేళకు కొలిచి రాసుకోండి. 2 సెంటీమీటర్ల తేడాను చాలామంది వైద్యులు గుర్తుగా తీసుకుంటారు గానీ అంతదాకా ఆగనక్కర్లేదు. వాటం చెయ్యి సహజంగానే కాస్త లావు, అందుకే మీ పాత కొలతతో పోల్చడం మేలు. ఫిజియోథెరపిస్టు నా చేతి కంటే ముందు ఆ కాగితమే చూశారు.

ఆపరేషనైన కొత్తలో వచ్చే వాపు సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. లింఫెడీమా ఏళ్ల తర్వాతైనా రావచ్చు. రేడియేషన్ కూడా పడి ఉంటే అవకాశం ఎక్కువ. చేతిని బిగించి పట్టి ఉంచే కంప్రెషన్ తొడుగు మాత్రం నిపుణులు కొలిచి ఇచ్చాకే వేసుకోండి, సరిపోనిది మేలు కన్నా కీడే చేస్తుంది. నీరు తగ్గించే మాత్రలు దీనికి మందు కావు.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఉబ్బి నొప్పి పుట్టినా అంతే, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.