మా రెండు వంశాలలోనూ ఎవరికీ చెవుడు లేదు, మరి మా బాబుకు ఎందుకు వచ్చింది?

రెండేళ్ల మీ బాబుకు చెవుడని తేలిందనీ, మీరు గ్రహణం రోజున బయట తిరగడమే అందుకు కారణమని మీ అత్తగారు అంటున్నారనీ రాశారు. గ్రహణానికీ చెవుడుకూ ఏ సంబంధమూ లేదమ్మా. ఆ నింద మీరు మోయనవసరం లేదు.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. నేను మా మేనమామనే పెళ్లి చేసుకున్నాను. మా పాపకు పది నెలలప్పుడు వంటింట్లో నా చేయి జారి స్టీలు బిందె గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు గానీ, నా వెనకే కూర్చుని ఉల్లిపొట్టుతో ఆడుకుంటున్న పాప తల కూడా తిప్పలేదు. అయినా "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అన్న పెద్దల మాట నమ్మి మరో ఏడాది ఆగిపోయాను. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చివరకు విశాఖలో బెరా పరీక్ష చేయించాము. పాపను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, శబ్దానికి వినికిడి నరం స్పందిస్తున్నదో లేదో చూశారు. రెండు చెవులలోనూ తీవ్రమైన లోపమే ఉంది.

వంశంలో ఎవరికీ లేదు కనుక ఇది వంశపారంపర్యం కాదని నేనూ అనుకున్నాను. అయితే పుట్టుచెవుడుకు కారణమయ్యే జన్యులోపాలలో ఎక్కువ భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు చేరితేనే బయటపడతాయి. ఒక్కటే ఉన్నవారికి చక్కగా వినబడుతుంది కనుక అది తరతరాలుగా ఎవరికీ తెలియకుండా వస్తూనే ఉంటుంది. మేనమామకూ మేనకోడలికీ జన్యువులలో సుమారు నాలుగో వంతు ఉమ్మడి కాబట్టి మేనరికాలలో అవి రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధాలలోనూ ఇలా జరగవచ్చు.

మీది మేనరికం కాకపోతే కాన్పునాటి కాగితాలు తీసి చూడండి. గర్భం తొలి మూడు నెలలలో తల్లికి రుబెల్లా వైరస్ సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పచ్చకామెర్లు బాగా ముదరడం, జెంటామైసిన్ లేదా అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, పుట్టిన తరువాత వచ్చిన మెదడువాపు, వీటిలో ఏది ఉన్నా వైద్యునికి తప్పక చెప్పండి. చెవిలో చీము కారడం వల్ల తగ్గే వినికిడి వేరు, దానిని చాలావరకు బాగు చేయవచ్చు. కానీ చెవిలో నూనె మాత్రం పోయకండి.

కొందరు పిల్లలలో ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకదు. దాని కోసం వినికిడి యంత్రం పెట్టించడం ఆపవద్దు, ఎందుకంటే మాట నేర్చుకునే తొలి ఏళ్లు మళ్లీ రావు. యంత్రంతో ఫలితం లేకపోతే శస్త్రచికిత్సతో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం గురించి, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో దానికున్న వయసు నిబంధన గురించి ఈ వారమే అడగండి.

వినికిడి బాగానే ఉన్న తల్లిదండ్రులిద్దరిలోనూ నేను పైన చెప్పిన జన్యులోపం ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం 25 శాతం. అందుకే మా రెండో బిడ్డకు పుట్టిన మూడో రోజునే చెవి పరీక్ష చేయించాము. వాడికి వినబడుతోంది.