కావాలా? ఉండాలా? రెఫరెండానికి తెలుగు మాట

సందేహం: స్కాట్లాండ్, కెనడాలోని క్యూబెక్ లాంటి చోట్ల స్వాతంత్ర్యం మీద జరిగిన ఓటింగ్ గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. రెఫరెండాన్ని ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని రాశాను. అది చదివిన స్నేహితుడు ‘ఫ్యాక్టరీ పెట్టేముందు జరిపే మీటింగ్‌నీ అలాగే అంటారుగా, ఇదీ అదేనా?’ అన్నాడు. ప్రజాభిప్రాయ సేకరణ, జనవాక్య సేకరణ, ప్రజాతీర్పు – వీటిలో ఏది వాడాలి? ‘యెస్’, ‘నో’ అని ఉన్నచోట ‘అవును’, ‘కాదు’ అని రాయవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ స్నేహితుడు అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. ఫ్యాక్టరీయో గనో వస్తుందంటే అధికారులు వేదిక మీద కూర్చుంటారు, జనం మైకు అందుకుని తమ గోడు చెప్పుకుంటారు, ఎవరో రాసుకుంటారు. అక్కడ ఓటు లేదు, లెక్కింపు లేదు. నిర్ణయం ఇంకెక్కడో జరుగుతుంది. దానికి ‘ప్రజాభిప్రాయ సేకరణ’ చక్కగా అతుకుతుంది. స్కాట్లాండ్‌లో 2014 సెప్టెంబరు 18న జరిగింది వేరు. ఓటర్లలో 84.6 శాతం ఓటేశారు. 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. ఫలితాన్ని గౌరవిస్తామని బ్రిటన్, స్కాట్లాండ్ ప్రభుత్వాలు రెండూ 2012 అక్టోబరులోనే ఎడిన్‌బరోలో సంతకాలు చేశాయి. ఈ రెండింటికీ ఒకే మాట వాడితే పాఠకుడు తికమకపడడా?

చిక్కు ‘సేకరణ’తోనే. సేకరించేది ఎవరు? ప్రభుత్వం. ప్రజలు తమ దగ్గరున్నది ఇచ్చేవాళ్లు మాత్రమే. ‘ప్రజాతీర్పు’లో ఇది తలకిందులవుతుంది, తీర్పు చెప్పే కర్తలు ప్రజలే. ‘స్వతంత్రః కర్తా’ అని సంస్కృత వ్యాకరణంలో ఒక సూత్రం ఉంది. క్రియలో ఎవరు స్వతంత్రులో వాళ్లే కర్త అని దాని అర్థం. స్వాతంత్ర్యం మీద ఓటింగ్‌కు పేరు పెట్టేటప్పుడు ఈ సూత్రం గుర్తుకొస్తే నాకు నవ్వొస్తుంది. అక్కడి గొడవంతా కర్త ఎవరన్నదే కదా!

ఇది మాటల గారడీ అనుకోకండి. 2022లో ఇదే తేడా బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండోసారి ఓటింగ్ పెడతామంటూ స్కాట్లాండ్ ప్రభుత్వం తరఫున ఒక వాదన వినిపించారు: ఇది కేవలం సలహా కోసం, దీనివల్ల చట్టపరంగా ఏమీ మారదు, కాబట్టి లండన్ అనుమతి అక్కర్లేదు అని. అంటే మన భాషలో, ‘ఇది సేకరణే, తీర్పు కాదు’ అని. నవంబరు 23న కోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకోలేదు. చట్టబద్ధంగా జరిగే అలాంటి ఓటు ఉత్త అభిప్రాయంగా మిగలదనీ, దాని రాజకీయ ఫలితం పెద్దదనీ, బ్రిటన్ పార్లమెంటు అనుమతి లేకుండా కుదరదనీ చెప్పింది. స్వాతంత్ర్యం కోరేవాళ్లు తమ ఓటును చిన్నది చేసి చూపించాల్సి రావడం అందులో విచిత్రం.

పేరు దగ్గర ఈ తిప్పలు వేరేచోట్లా ఉన్నాయి. ఇండొనేసియా ఏలుబడిలో ఉన్న తూర్పు తిమోర్‌లో 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి నడిపించిన ఓటింగ్‌కు అధికారిక పేరు ‘ప్రజలతో సంప్రదింపు’. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2014 నవంబరులో తలపెట్టిన ‘సంప్రదింపు’ను స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆపితే, దాన్నే పేరు మార్చి ‘ప్రజల భాగస్వామ్య ప్రక్రియ’ అంటూ జరిపారు. కోర్టు వద్దన్నా 2017 అక్టోబరు 1న మళ్లీ ఓటింగ్ జరిగింది, పోలీసులు బ్యాలెట్ పెట్టెలు పట్టుకుపోయారు. సుమారు 43 శాతమే ఓటేశారు, వాళ్లలో 90 శాతం అవునన్నారు. స్వాతంత్ర్యం కోరేవాళ్లకు అది ప్రజాతీర్పు, స్పెయిన్ ప్రభుత్వానికి అసలు ఓటింగే కాదు. మీరు ఏ మాట రాసినా ఎవరో ఒకరి పక్క నిలబడినట్టే.

‘తీర్పు’ కూడా తేలిగ్గా వాడే మాట కాదు. తగువు తీర్చేది తీర్పు. పాపువా న్యూగినీలో భాగమైన బూగన్‌విల్‌లో 2019లో 98 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే ఓటేశారు, అయినా ఆఖరి మాట ఆ దేశ పార్లమెంటుది. ఫ్రాన్స్ కింద ఉన్న న్యూ కలెడోనియా 2018, 2020, 2021లో మూడుసార్లు ఓటేసింది, మూడుసార్లూ వద్దనే వచ్చింది, మూడోసారి స్వాతంత్ర్యం కోరేవాళ్లు ఓటింగ్‌నే బహిష్కరించారు. ఏం తీరినట్టు? ఇక నార్వే 1905లో స్వీడన్ నుంచి విడిపోతున్నట్టు జూన్‌లోనే ప్రకటించేసి ఆగస్టులో ఓటు పెట్టింది. వద్దన్నవాళ్లు 184 మంది, కావాలన్నవాళ్లు మూడు లక్షల అరవై ఎనిమిది వేల పైచిలుకు! అయిపోయిన పెళ్లికి ముహూర్తం అడిగినట్టు.

‘జనవాక్య సేకరణ’లో జనవాక్యం బాగుంది, ‘జనవాక్యం తు కర్తవ్యం’ అన్న బరువు దానికుంది. మళ్లీ ఆ సేకరణే అడ్డం. హిందీవాళ్ల ‘జనమత్ సంగ్రహ్’ నుంచి ‘జనమత’ ఒక్కటే తీసుకుందామంటే, సమ్మతం, అభిమతంలో మిగిలిన ‘అభిప్రాయం’ అన్న పాత అర్థం విడి మాటలో పోయింది. ఇవాళ మతం అంటే మతమే.

కాబట్టి నా సలహా: ‘రెఫరెండం’ అనే రాయండి. అది ఎటూ మొగ్గదు. పైగా మన పుస్తకంలాగే నడుస్తుంది: రెఫరెండం, రెఫరెండానికి, రెఫరెండాలు. ‘రెఫరెండమ్‌కు’ అని విరిచి రాస్తే మాత్రం చెవికి గుచ్చుకుంటుంది. హెడ్డింగులో ‘స్వాతంత్ర్యంపై ఓటు’ చాలు. సేకరణ, తీర్పు అన్న మాటలు అక్కడి చట్టమో, మాట్లాడే మనిషో ఆ అర్థంలో అన్నప్పుడే వాడండి.

ఇక అవును, కాదు. నన్నడిగితే మీ సందేహంలో అసలు రుచి ఇక్కడుంది. ఇంగ్లీషు ‘నో’ ఏ ప్రశ్నకైనా సరిపోతుంది. తెలుగులో జవాబు ప్రశ్నలోని క్రియను పట్టుకుని వస్తుంది. ‘వచ్చాడా?’ అంటే ‘రాలేదు’, ‘ఇది నీదా?’ అంటే ‘కాదు’, ‘ఇంకొంచెం వెయ్యనా?’ అంటే ‘వద్దు’. స్కాట్లాండ్ బ్యాలెట్ మీద ఆరే ఆరు ఇంగ్లీషు మాటల ప్రశ్న ఉంది. ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అని తెలుగు చేశారనుకోండి. ‘కావాలా’ అంటే ‘అవ్వాలా’ అనీ, ‘మీకు అవసరమా’ అనీ రెండర్థాలు. బ్యాలెట్‌కు ఆ అయోమయం పనికిరాదు. ‘స్వతంత్ర దేశంగా ఉండాలా?’ అంటే మూలానికీ దగ్గర, రెండర్థాలకూ తావు లేదు. దీనికి అవునన్న జవాబు ‘ఉండాలి’. మరి కాదన్న జవాబు? ‘ఉండకూడదు’, ‘ఉండక్కర్లేదు’ – ఈ రెండూ ఒకటి కావు. స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించేవాడు మొదటిది అంటాడు, ఇప్పుడు ఆ తలనొప్పి ఎందుకులే అనుకునేవాడు రెండోది అంటాడు. ‘నో’లో ఇద్దరూ కలిసిపోతారు. మీ వ్యాసంలో ‘వద్దన్నారు’ అని రాస్తే ఆ కలగలుపు అలాగే నిలుస్తుంది. ‘కాదన్నారు’ అంటే జరిగిన విషయాన్ని ఖండించినట్టుంటుంది.

అయితే అన్నిచోట్లా ‘వద్దు’ రాసి చేతులు దులుపుకోకండి. తూర్పు తిమోర్ బ్యాలెట్‌లో ఉన్నవి రెండు ప్రశ్నలు: ఇండొనేసియాలోనే ఉంటూ ప్రత్యేక స్వయంప్రతిపత్తి తీసుకోవడాన్ని అంగీకరిస్తారా, లేక దాన్ని తిరస్కరించి విడిపోతారా? 78.5 శాతం తిరస్కరించారు. అక్కడ స్వాతంత్ర్యం కోరినవాళ్లే వద్దన్నవాళ్లు!

ప్రశ్న మొదట్లోనే తూకం తప్పడం ఇంకొకటి. స్కాట్లాండ్ ప్రశ్న తొలిరూపం ‘...ఉండాలని మీరు ఒప్పుకుంటారా?’ అన్న ధోరణిలో ఉంది. ఎన్నికల కమిషన్ ఓటర్లకు చూపించి పరీక్షిస్తే అది అవును వైపు నెడుతున్నట్టు తేలింది, తీసేశారు. మనం ‘ఉండాలి కదా?’ అన్నప్పుడు ఆ ‘కదా’ చేసే పని అదే. క్యూబెక్ 1995 ప్రశ్నను ఒకసారి తెలుగు చేసి చూడండి: ‘క్యూబెక్ భవిష్యత్తుకు సంబంధించిన బిల్లు, 1995 జూన్ 12న కుదిరిన ఒప్పందం పరిధిలో, కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం కోసం కెనడాకు లాంఛనంగా ప్రతిపాదన పంపాక, క్యూబెక్ సార్వభౌమం కావాలని ఒప్పుకుంటారా?’ సార్వభౌమం దాకా చేరేసరికి ఊపిరి అందదు. వద్దన్నవాళ్లు 50.58 శాతం, ఒప్పుకున్నవాళ్లు 49.42 శాతం. అంత దగ్గరగా వచ్చాక, 1998లో కెనడా సుప్రీంకోర్టు స్పష్టమైన ప్రశ్న ఉండాలని, స్పష్టమైన మెజారిటీ రావాలని చెప్పింది. ఆ ‘స్పష్టమైన’ ఎంతో మాత్రం చెప్పలేదు. సెర్బియాతో కలిసున్న మాంటెనెగ్రోలో 2006లో 55 శాతం అని ముందే గీత గీశారు, 55.5 వచ్చింది. అందుకని ‘మెజారిటీ వస్తే చాలు’ అని అలవాటుగా రాసెయ్యకండి.

విడిపోవడాన్ని కోరేవాళ్లు ‘స్వాతంత్ర్యం’ అంటారు, వద్దనేవాళ్లు ‘వేర్పాటు’ అంటారు. మన వార్తల్లో ‘వేర్పాటువాది’ ఇప్పటికే నింద అయిపోయింది కాబట్టి అది మూలంలో ఎవరి నోటినుంచి వచ్చిందో చూసి వాడండి. దక్షిణ సూడాన్‌లో 2011 జనవరి బ్యాలెట్ మీద మాటల పక్కన బొమ్మలు వేశారు: విడిపోవడానికి ఒంటి చెయ్యి, కలిసుండడానికి కరచాలనం చేస్తున్న రెండు చేతులు. దాదాపు 99 శాతం మంది ఒంటి చేతినే ఎంచుకున్నారు.

మరొక్కటి, మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. పత్రికల్లో తరచూ ‘స్వాతంత్య్రం’ అని కనిపిస్తుంది. ‘స్వతంత్ర’లో త తరవాత ర ఉంది, భావార్థకమైన య దాని వెనక చేరుతుంది. ‘స్వాతంత్ర్యం’ అని మీరు రాసిందే సరైనది.