ముందు రిసీవర్ ముఖం చూడు

తమ్ముడికి,

కంప్యూటర్ నుంచి 5.1 శబ్దం, అంటే ఐదు బాక్సులకీ ఒక ఊఫర్‌కీ ఆరు చానెళ్ళుగా విడివిడిగా వెళ్ళే శబ్దం, రాబట్టడం మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న సాయంత్రం అందింది. ఆ రాత్రే రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మూడో పేజీలో "అన్ని బాక్సులూ మోగుతున్నాయంటే 5.1 వచ్చేసినట్టే" అని రాశావు చూడు, ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ ఉత్తరం దాని కోసమే.

మోగడం వేరు, రావడం వేరు. కంప్యూటర్ నుంచి రెండు చానెళ్ళే వస్తున్నా, శబ్దాన్ని అందుకుని బాక్సులకి పంపే రిసీవర్లో ప్రోలాజిక్ లాంటిది ఆన్ చేసి ఉంటే ఆ రెంటినే అన్ని బాక్సులకీ పంచిపెడుతుంది. వినేవాడికి గది నిండినట్టే ఉంటుంది. నిజం చెప్పేది రిసీవర్ ముఖాన ఉన్న చిన్న డిస్‌ప్లే. లోపలికి ఏం వస్తోందో, కుదించిన డాల్బీ డిజిటలో, కుదించని పీసీఎమ్మో, అక్కడ కనపడుతుంది. చాలావాటిలో ఎన్ని చానెళ్ళు వస్తున్నాయో కూడా గుర్తులుంటాయి. పదకొండు పేజీల నీ వ్యాసంలో ఆ డిస్‌ప్లే ఊసే లేదు. సౌండ్ డ్రైవర్ని, అంటే కంప్యూటర్లో శబ్దం నడిపే సాఫ్ట్‌వేర్‌ని, తీసేసి మళ్ళీ వేయమని మాత్రం నాలుగు చోట్ల రాశావు. ఇప్పుడు ఏ సమస్యకైనా అందరూ చెప్పే మొదటి మందు అదే. సమస్య ఎక్కడుందో వెతకడం మానేసినవాళ్ళు తెచ్చిన అలవాటు అది. నీకు ఆ అలవాటు వద్దు.

నీ కష్టాన్ని నువ్వే ఎంత బాగా చెప్పావో చూడు: "కేబుల్ అదే, ఆప్టికల్. డీవీడీ సినిమాకి అన్నీ వస్తున్నాయి, గేమ్‌కి ముందువి రెండే." ఇంత మంచి ఆనవాలు చేతిలో పెట్టుకుని డ్రైవర్ మీదకి పోయావేం? సినిమా సరిగా వెళ్తోందంటే వెలుతురుతో శబ్దం మోసే ఆ ఆప్టికల్ కేబుల్ బాగున్నట్టే, పోర్టు బాగున్నట్టే, రిసీవరూ బాగున్నట్టే. తేడా అంతా వెళ్ళే సరుకులో ఉంది. డిస్కు మీద ఆరు చానెళ్ళనీ ముందే డాల్బీ డిజిటల్‌గా కుదించి మూటగట్టి పెట్టారు. డీవీడీలో ఆ మూట బరువు సెకనుకి మహా అయితే 4,48,000 బిట్లు. కంప్యూటర్ దాన్ని విప్పకుండా దాటిస్తుంది, విప్పేది రిసీవర్. గేమ్ శబ్దం అలా కాదు. నువ్వు ఆడుతున్నకొద్దీ అప్పటికప్పుడు పుడుతుంది. అది మూటగట్టని విడి పీసీఎం. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల లెక్కన రెండు చానెళ్ళకే సెకనుకి 15,36,000 బిట్లు, ఆరింటికి 46,08,000. ఆప్టికల్ పద్ధతిలో ఇలాంటి విడి శబ్దానికి కేటాయించిన గదులే రెండు. డ్రైవర్ వందసార్లు వేసినా మూడో గది రాదు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, బాక్సులెన్నో ఎంచుకునే కాన్ఫిగర్ బటన్ మసగ్గా ఉందని, అందుకే డ్రైవర్ పాడైందనుకున్నానని రాశావు. అది పాడవడం కాదు. ఆప్టికల్‌కి అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదని చెప్పడం.

గేమ్‌కీ ఆరు చానెళ్ళూ రావాలంటే దారులు మూడు. గేమ్‌ని కూడా ఎప్పటికప్పుడు మూటగట్టే డాల్బీ డిజిటల్ లైవ్ గానీ, డీటీఎస్ కనెక్ట్ గానీ ఉన్న సౌండ్ కార్డు ఒక దారి. గ్రాఫిక్స్ కార్డు నుంచి హెచ్‌డీఎంఐ నేరుగా రిసీవర్‌కి వేయడం ఇంకోటి. 2002లో వచ్చిన మొదటి హెచ్‌డీఎంఐకే ఎనిమిది పీసీఎం చానెళ్ళు మోసే శక్తి ఉంది. "నేరుగా" అన్న మాట కింద గీత గీసుకో. మధ్యలో టీవీ ఉంటే, చాలాసార్లు తను రెండు చానెళ్ళే తీసుకోగలనని టీవీ కంప్యూటర్‌కి చెప్పేస్తుంది, కంప్యూటర్ ఆ మాటే నమ్ముతుంది.

మూడోది పాత దారి, అనలాగ్ వైర్లది. 2004లో విజయవాడ అద్దె ఇంట్లో నాది అదే. ఆకుపచ్చ పిన్ను ముందు బాక్సులకి, నల్లది వెనకవాటికి, నారింజది సెంటర్‌కీ ఊఫర్‌కీ. రాత్రి పదకొండింటికి సినిమా పెట్టాను. నాన్న మంచం మీద పడుకునే విని, "వాన చప్పుడు బాగుందిరా, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో మాత్రం వినపడట్లేదు" అన్నారు. నేను ప్లేయర్లు మార్చుకుంటూ రెండు గంటలు పాడుచేసుకున్నాను. జవాబు ఆయన మాటలోనే ఉంది. సినిమాల్లో మాటలు ఎక్కువగా సెంటర్లోనే పెడతారు. మాట లేదంటే సెంటర్ లేదు. టార్చి పట్టుకుని బల్ల కిందికి దూరితే నారింజ పిన్ను సగం బయటికొచ్చి ఉంది. చీకట్లో నారింజ, నల్ల పిన్నులు రెండూ లాగి తిరిగి పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. ఈసారి హీరో మాట వెనక తలుపు పక్క బాక్సులోంచి వచ్చింది. నాన్న లేచి కూర్చుని తలుపు వైపు చూశారు.

నా మొదటి వ్యాసం అదే. సంపాదకుడు నాన్నని తీసేసి "సెంటర్ చానెల్ కనెక్షన్ సరిచూసుకోండి" అని ఒక్క ముక్క వేశాడు. ఊఫర్ అన్నచోటల్లా "మంద్రధ్వని పెట్టె" అని మార్చాడు. షాపుకెళ్ళి ఆ పేరు చెబితే ఎవరిస్తారు? ఇంకో పత్రికలో, గేముల శబ్దం ఆప్టికల్‌లో రెండు చానెళ్ళే వస్తుందన్న నా వాక్యాన్ని చోటు చాలదని కొట్టేశారు. ఆ వ్యాసం చదివి ఒకాయన హాలంతా చుట్టి వచ్చేంత ఆప్టికల్ కేబుల్ కొని, గేమ్ పెట్టి, నాకు కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

అందుకే చెప్తున్నాను, వ్యాసం చెవితో మొదలుపెట్టు. చదివేవాడికి పీసీఎం తెలియదు, మాటలు వినపడట్లేదని తెలుసు. అక్కణ్ణుంచి వాణ్ణి డిస్‌ప్లే దగ్గరికి తీసుకెళ్ళు, ఆ తర్వాతే కారణం చెప్పు. పది చిట్కాలన్న శీర్షిక తీసెయ్. ఎనిమిదో పేజీలో "అమ్మ సీరియల్ టైముకి వైర్లన్నీ మళ్ళీ పాతచోట పెట్టేసేవాణ్ణి" అని రాసి దాటిపోయావు. నేను దాటలేకపోయాను. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ప్రోలాజిక్ ఆపెయ్. సినిమా పెట్టి డిస్‌ప్లే మీద ఉన్న అక్షరాలు ఉన్నవున్నట్టు రాసుకో. తర్వాత గేమ్ పెట్టి రాసుకో. ఏ బాక్సు మోగింది, ఏది మోగలేదు, అదీ రాయి. ఆ కాగితం వ్యాసంతో జతచేసి నాకు పంపు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.