ఐసీపీ అంకెను నమ్మే ముందు

చి. సౌజన్యకు ఆశీస్సులు.

కాకినాడలో చేరావని, వచ్చే నెల నుంచి పిల్లల పుర్రె ఆపరేషన్లకు మత్తు నువ్వే ఇస్తావని తెలిసి సంతోషించాను. ఐసీపీ, అంటే పుర్రె లోపలి ఒత్తిడి, దాని మోనిటరింగ్ గురించి రాయమన్నావు. మందుల డోసులు పుస్తకంలో దొరుకుతాయి. మోనిటర్ మీద కనబడే అంకెను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో మాత్రం దగ్గరుండి ఎవరైనా చెప్పాలి. అదే రాస్తున్నాను.

పుర్రె అతుకులు ముందే మూసుకుపోయిన పిల్లలందరికీ ఆ ఒత్తిడిని కొలిచే ప్రోబ్ అక్కర్లేదు. నడినెత్తి అతుకు ఒక్కటే మూసుకుని, తల పొడుగ్గా సాగిన ఆర్నెల్ల బిడ్డకు మిగతా పరీక్షలు బాగుంటే సాధారణంగా నేరుగా ఆపరేషన్‌కే వెళ్తారు. ఒకటికి మించి అతుకులు మూసుకున్నవాళ్లు, క్రూజాన్, ఏపర్ట్ అనే పుట్టు జబ్బులున్న పిల్లలు, ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్లీ తలనొప్పి అంటున్నవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, వీళ్ల దగ్గర అనుమానం ఉంచుకో. మన వైపు ఆలస్యం మామూలే. నూనె రాసి నొక్కితే తల గుండ్రబడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఏడాది ఆగుతారు. వాళ్లని కోప్పడకు, వచ్చారు కదా, అది చాలు. కంటి వెనక నరం వాపు లేదు కదా అని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో ఒత్తిడి ఎక్కువున్నా ఆ వాపు చాలాసార్లు కనబడదు.

అనుమానం తీరకపోతే ఆపరేషన్‌కి ముందే ఒకటి రెండు రాత్రులు కొలవాలి. రాత్రే ఎందుకంటే, ఒత్తిడి పెరిగేది నిద్రలో. నిద్రలో సగటు 10 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉంటే మామూలు. 15 దాటి నిలబడితే ఎక్కువ. ఆ మధ్యలో ఉంటే తరంగాలు చూసి తేల్చాలి. అంకె ఒక్కసారిగా పైకెళ్లి ఐదు నుంచి ఇరవై నిమిషాలు అక్కడే నిలబడి దిగితే, సగటు ఎంత బాగున్నా దాన్ని వదలకూడదు. తల గాయాలకి వాడే 20 అనే గీతను ఇక్కడికి తేవొద్దు. బిడ్డ నిద్రపోవట్లేదని మత్తు మందు ఇవ్వొద్దు. ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే, నువ్వు కొలిచేది ఆ మందు చేసిన పనినే. గురక పెట్టే బిడ్డకు ఆక్సిజన్ శాతం కూడా పక్కనే రికార్డు చేయించు. గురక మధ్యలో ఊపిరి ఆగిన క్షణాల్లోనే ఐసీపీ పెరుగుతుంటే ముందు సరిచేయాల్సింది గాలి దారి కావచ్చు. ఏడుపు, పాలు తాగడం, దగ్గు, అన్నీ టైముతో సహా నర్సమ్మ చేత కాగితం మీద రాయించు. ఆ కాగితం లేని గ్రాఫ్ ఎవరికీ అర్థం కాదు.

ఇక జీరో, అంటే కొలతకి సున్నా ఎక్కడో సరిచూడటం. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈవీడీ గొట్టం, అంటే మెదడు గదుల్లోంచి నీటిని బయటికి తీసేది, ఉంటే ఒత్తిడిని అంకెగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్ చెవి రంధ్రం ఎత్తులో ఉండాలి. 13.6 సెంటీమీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. అంటే ట్రాన్స్‌డ్యూసర్ ఒక జానెడు కిందికి జారితే అంకె పదికి పైగా పెరిగి కనబడుతుంది. మామూలు బిడ్డ రోగిష్టి అయిపోతాడు. టేబుల్ ఎత్తినా, దించినా, తల వంచినా మళ్లీ చూడు. డ్రైనేజీ తెరిచి ఉండగా వచ్చే అంకె నిజం కాదు, మూసి చదువు. గొట్టంలో గాలి బుడగ ఉంటే తరంగం మొద్దుబారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ట్రాన్స్‌డ్యూసర్‌కి సెలైన్‌ని ఒత్తిడితో నెట్టే ప్రెజర్ బ్యాగు ఎప్పటికీ తగిలించకూడదు. ధమనిలో పెట్టి బీపీ చూసే ఆర్టీరియల్ లైన్ అలవాటుతో ఎవరైనా తగిలిస్తే ఆ సెలైన్ నేరుగా మెదడు గదుల్లోకి పోతుంది. రెండు లైన్లకీ పెద్దక్షరాలతో ప్లాస్టర్ అంటించు.

మెదడులో పెట్టే సన్నని ప్రోబ్ అయితే జీరో చేయాల్సింది లోపలికి పోకముందే. చాలా రకాలకు తర్వాత మళ్లీ జీరో చేసే వీలుండదు. రోజులు గడిచేకొద్దీ అంకె కొంచెం కొంచెం జరుగుతుంది కూడా. కొన్ని కంపెనీల ప్రోబులకు జీరో చేసినప్పుడు ఒక రిఫరెన్స్ అంకె వస్తుంది. దాన్ని కేస్ షీట్ మీదా, బిడ్డ తల కట్టు మీదా రాయి. ఓటీ నుంచి ఐసీయూకి వెళ్లి మోనిటర్ మారినప్పుడు ఆ అంకె లేకపోతే అక్కడ కనబడేది అర్థం లేని సంఖ్య. మన తేమకి కేబుల్ కనెక్టర్లు పచ్చబడతాయి. తగిలించే ముందు పొడిగా ఉందో లేదో కళ్లతో చూడు.

ఏడాది లోపు బిడ్డ ఎముక పల్చన, ప్రోబ్‌ని పుర్రెకి బిగించే బోల్టు పట్టదు. ప్రోబ్‌ని చర్మం కింద నుంచి కొంత దూరం లాగి బయటికి తీసి కుట్టమని సర్జన్‌తో ముందే మాట్లాడుకో. వైరుని ఒక చుట్టు చుట్టి అంటిస్తే బిడ్డ చెయ్యి లాగినా ముందు ఆ చుట్టే వస్తుంది.

ఆపరేషన్ టేబుల్ మీద అంకె పెరిగితే చెయ్యి వెంటనే ఒత్తిడి దించే మందు మానిటాల్ వైపు పోకూడదు. మెడ పక్కకి తిరిగిందా, ఊపిరి ట్యూబు కట్టిన తాడు మెడ సిరల్ని నొక్కుతోందా, ట్యూబు మడత పడిందా, కార్బన్ డయాక్సైడ్ ఎంతుంది, మత్తు పల్చబడిందా? ఈ వరస ఒక నిమిషంలో అయిపోతుంది, చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ని 35, 40 మధ్య ఉంచు. అంకె దించడానికి 30 కిందికి నెడితే మెదడు రక్తనాళాలు ముడుచుకుని రక్తం సరిగా అందదు. మత్తు వాయువు సెవోఫ్లూరేన్‌ని ఒక మ్యాక్ (మత్తు మోతాదు కొలత) దాటనివ్వకు. తల 15 నుంచి 30 డిగ్రీలు ఎత్తు.

ఎముక తీసెయ్యగానే అంకె పడిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నువ్వు మాత్రం అప్పుడే జాగ్రత్తపడాలి. ఏడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం, కిలోకి 80 మి.లీ. చొప్పున, 560 మి.లీ. మాత్రమే. గుడ్డల్లో, డ్రేపుల కింద 150 పోతే పావు వంతు దాటినట్టే. ఐసీపీ 3 అని ముచ్చటగా కనబడుతుంటుంది, సగటు బీపీ 38కి దిగి ఉంటుంది. మెదడుకి అందే ఒత్తిడి అంటే బీపీలోంచి ఐసీపీ తీసేసినది, అప్పుడు 35. చిన్నపిల్లల్లో అది 40 కిందికి పోకూడదు. అందుకే బిడ్డ తల ఎత్తి ఉన్నప్పుడు ఆర్టీరియల్ ట్రాన్స్‌డ్యూసర్‌ని కూడా చెవి ఎత్తులోనే పెట్టు. గుండె ఎత్తులో ఉంటే బీపీ మెదడు దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రక్తం టేబుల్ పక్కన సిద్ధంగా లేకుండా కత్తి పెట్టనివ్వకు. బీపీతోపాటు ఎండ్ టైడల్ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్) కూడా ఒక్కసారిగా పడితే రక్తనాళంలోకి గాలి పోయిందని అనుకో. సర్జన్‌కి గట్టిగా చెప్పి గాయాన్ని సెలైన్‌తో నింపించు, తల దించు, నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వు.

నిజంగా మందే కావాలంటే, రక్తం పోతున్న బిడ్డకు నేను 3 శాతం సెలైన్ వైపే మొగ్గుతాను. కిలోకి 2 నుంచి 5 మి.లీ., పది ఇరవై నిమిషాల్లో ఇవ్వాలి. మానిటాల్ మూత్రం రూపంలో ఉన్న నీటిని కూడా లాగేస్తుంది. ఇవ్వాల్సి వస్తే కిలోకి అర గ్రాము, అంటే 20 శాతం సీసాలోంచి ఏడు కిలోలకి 17.5 మి.లీ. చల్లటి ఓటీలో సీసా అడుగున స్ఫటికాలు కడతాయి, వెలుతురుకి ఎత్తి చూసి, ఫిల్టర్‌తో ఎక్కించు.

మెలకువ వచ్చాక ఏడుపుతో అంకె పెరుగుతుంది. పరుగున సీటీకి పంపకు. పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. ఇచ్చి, తల్లి ఒడిలో పెట్టి, బిడ్డ ఊరుకున్నాక చదువు. తల కట్టు బిగువుగా లేదు కదా అని వేలు పెట్టి చూడు. ఊరుకున్నా దిగకపోతేనో, పిలిస్తే పలకడం తగ్గితేనో, కంటిపాప ఒకటి పెద్దదైతేనో అప్పుడు ఒక్క నిమిషం ఆగొద్దు.

ఇంకోమాట. పుట్టువెంట్రుకలు అన్నవరంలోనో అంతర్వేదిలోనో తీయిస్తామని మొక్కుకున్న ఇళ్లు మన దగ్గర ఎక్కువ. కోత గీత వెంబడే కత్తిరించమను, కత్తిరించినవి కవర్లో పెట్టి తల్లికి ఇప్పించు. ఈ మాట సంతకాల రోజునే చెప్తే, ఆపరేషన్ పొద్దున బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోరు.

వరదల నెలల్లో లంకల నుంచి వచ్చినవాళ్లని కుట్లు విప్పేదాకా ఊళ్లోనే, చుట్టాల ఇంట్లో ఉండమను. పడవ ఆగితే బిడ్డ అక్కడే చిక్కుకుపోతాడు. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా ఒత్తిడి మళ్లీ పెరగవచ్చు కాబట్టి కంటి పరీక్షకి తేదీ రాసి ఇవ్వు. పొద్దున్నే వాంతులు, లేస్తూనే తలనొప్పి, చూపు మందగించడం, బళ్లో వెనకబడటం, ఈ నాలుగూ తెలుగులో, చీటీ పైభాగంలో రాయి. చదవలేనివాళ్లకి ఆశా కార్యకర్త ముందు చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు