మంచు పట్టే నేలలో పందిరి రాట

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మిన్నియాపొలిస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. కిందటి ఆగస్టులో పెరట్లో 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో, మందు పట్టించిన పైన్ కలపతో నాలుగు రాటల పందిరి వేసుకున్నారు. దాన్ని అక్కడ పెర్గోలా అంటారట. నేలమీద సిమెంటు దిమ్మలు పరిచి, వాటిపైన రాటలు నిలబెట్టారు. ఈ మార్చిలో ఒక మూల రాట అంగుళంన్నర పైకి లేచి, దూలం మెలి తిరిగింది. ఆ రాటను అడుగున అంగుళంన్నర కోసేస్తే మట్టానికి వస్తుందని అల్లుడు అంటున్నాడు. మేము మే నెలలో వెళ్ళి ఆరు నెలలు ఉండబోతున్నాము. ఆ పందిరి మీదికి బీరపాదు పాకించాలని మా ఆవిడ కోరిక. ఏం చేయమంటారు? ఫోటోలు జత చేస్తున్నాను.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ అల్లుడుగారికి ఫోన్ చేసి, రాటను కోయవద్దని చెప్పండి. ఆ రాట ఇప్పుడున్న ఎత్తు నిలిచేది కాదు. ఏప్రిల్‌లో నేల కరిగాక దిమ్మతోపాటు అది మళ్ళీ కిందికి దిగుతుంది, అదీ మొదట ఉన్న చోటికే సరిగ్గా దిగుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు కోస్తే అప్పుడు రాటకూ దిమ్మకూ మధ్య సందు ఏర్పడి, ఆ మూల బరువంతా దూలానికి వేలాడుతుంది.

గుంటూరు వారికి ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. మన నల్లరేగడి వానాకాలంలో నీరు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, పైపైన వేసిన పునాది దానితోపాటే లేచి దిగి గోడలకు బీటలు తెస్తుంది. అక్కడ ఆ పని చేసేది మంచు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుందన్నది మనం బడిలో చదువుకున్నదే కానీ, రాటను అంగుళంన్నర లేపడానికి ఆ పెరుగుదల ఒక్కటే చాలదు. ఒండ్రు కలిసిన మెత్తటి మట్టిలో, దీపపు వత్తి నూనెను పీల్చినట్టుగా, గడ్డకట్టే పొర తన కిందనున్న తడిని పైకి లాక్కుంటూ పోతుంది. అలా చేరిన నీరు పలకలు పలకలుగా మంచై, తన మీదున్న మట్టినీ దిమ్మనూ ఎత్తేస్తుంది. తడి ఎక్కువున్న మూల ఎక్కువ లేస్తుంది. మీ ఫోటోలో ఇంటి చూరు నీళ్ళు దిగే గొట్టం సరిగ్గా ఆ లేచిన రాట దగ్గరే నేలమీదికి తెరుచుకుని ఉంది, గమనించారా? ఆ గొట్టాన్ని పొడిగించి, నీరు పందిరికి దూరంగా పోయేలా ఈ వారమే చేయించండి.

రేగడికైనా మంచుకైనా మందు ఒకటే: కదిలే పొరను దాటి పునాది దింపడం. మన దగ్గర రేగడి నేలల్లో అడుగున ఉబ్బు ఇచ్చి పోసే అండర్ రీమ్డ్ పైల్ సూత్రమే అక్కడా పనిచేస్తుంది. మిన్నియాపొలిస్ ఉన్న దక్షిణ మిన్నెసోటాలో పునాది అడుగు కనీసం 42 అంగుళాల లోతున ఉండాలని, రాష్ట్రపు ఉత్తర భాగంలో 60 అంగుళాలుండాలని నిబంధన ఉంది. 12 అంగుళాల వెడల్పున ఆ లోతు గుంతకు 36 కిలోల కాంక్రీటు మిశ్రమం బస్తాలు దాదాపు ఐదు పడతాయి. అడుగు భాగాన్ని గంటలాగా వెడల్పు చేస్తే మరికొన్ని. ఆ వెడల్పు దండగ కాదు. గడ్డకట్టిన మట్టి కాంక్రీటు స్తంభం పక్కలను పట్టుకుని పైకి లాగినప్పుడు అడుగున ఉన్న గంటే దాన్ని ఆపుతుంది. పక్కలు గరుకుగా ఉంటే మంచుకు పట్టు దొరుకుతుంది కనుక, అట్టగొట్టం దింపి నున్నగా పోయాలి. గుంత అడుగున రాలిపడిన వదులు మట్టిని చేత్తోనైనా సరే పూర్తిగా తీసి, గట్టి నేల తగిలాకే పోయాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

మన పల్లెల్లో సరుగుడు గుంజకు అడుగున తారు పూసి, నేలలో పాతి, చుట్టూ దిమ్మిస కొడతాము. అక్కడ రాటను నేలలోనూ పాతవద్దు, కాంక్రీటులోనూ పాతవద్దు. కాంక్రీటు స్తంభాన్ని నేలకు నాలుగైదు అంగుళాలు పైకి తెచ్చి, అందులో జింకుపూత పూసిన ఇనుప పీట బిగించి, రాట అడుగుకూ కాంక్రీటుకూ మధ్య అంగుళం ఖాళీ ఉండేలా నిలబెట్టాలి. కరిగిన మంచు నీరు ఆ ఖాళీలోంచి జారిపోతేనే చెక్క కుళ్ళకుండా ఉంటుంది. ఆ పీట రాటను పైకి ఎగరకుండా కూడా పట్టి ఉంచాలి, వేసవి గాలివానలు అక్కడ తక్కువేమీ కాదు.

ఉన్న కలపను పారేయనక్కర్లేదు. దూలాలకు తాత్కాలికంగా పోట్లు పెట్టి, ఒక్కొక్క రాటనే విప్పి, గుంత తవ్వి, పునాది పోసి తిరిగి నిలబెట్టవచ్చు. విప్పినప్పుడు బోల్టు రంధ్రాలను దగ్గరగా చూడమనండి. రంధ్రం గుండ్రంగా ఉంటే అదే బోల్టు సరిపోతుంది. మెలి తిరిగినచోట కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే ఆ రంధ్రాన్ని నమ్మకుండా, కాస్త ఎడంగా కొత్తది వేయాలి. అది మందు పట్టించిన పైన్ కలప అని రాశారు కనుక బోల్టులు, మేకులు మందమైన జింకుపూతవో స్టెయిన్‌లెస్ స్టీలువో అయి ఉండాలి. ఆ మందులోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది.

తవ్వే ముందు 811కు ఫోన్ చేయాలి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడ పోతున్నాయో ఉచితంగా రంగు గీతలు గీసి చూపిస్తారు, దానికి కొద్ది రోజుల వ్యవధి పడుతుంది. పర్మిట్ కావాలో లేదో ఊరి కార్యాలయంలో ముందే అడగాలి. కాంక్రీటు పనికి జూన్ మంచి నెల. చలి 5 డిగ్రీల లోపుకు దిగే రాత్రుల్లో పోసి కప్పకుండా వదిలేస్తే, గట్టిపడకముందే గడ్డకట్టిన కాంక్రీటుకు తర్వాత ఎన్నాళ్ళు ఆగినా పూర్తి బలం రాదు.

ఇక మీ ఆవిడగారి బీరపాదు. విత్తనాలు మీరు వెళ్ళాక నేలలో నాటితే కాయ చేతికందే సరికి చలి వచ్చేస్తుంది. ఏప్రిల్ మధ్యలోనే ఇంట్లో, కిటికీ దగ్గర, చిన్న కుండీలలో మొలకెత్తించమని అమ్మాయికి చెప్పండి. మే నెలాఖరుకు నేల వేడెక్కాక రాటల మొదట నాటుకోవచ్చు. పునాదుల పని ఎండ బాగా పడే దక్షిణపు రాటలతో మొదలుపెడితే పాదుకు అడ్డం రాదు. మీరు తిరిగి వచ్చేముందు ఎండిన తీగనూ, అది పాకడానికి కట్టిన వలనూ పూర్తిగా లాగేసి రండి. వల మిగిలితే వాసాల సందుల్లోంచి రాలవలసిన మంచు దానిమీదే పేరుకుంటుంది.

ప్రశ్న: టొరంటోలో మా అబ్బాయి ఇంటి గోడకు ఆనించి పందిరి కట్టి, పైన పాలికార్బొనేట్ రేకులు వేయాలనుకుంటున్నాడు. రేకులు తేలికే కదా, భయపడాలా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: రేకు తేలికేనమ్మా, దానిమీద నిలిచే మంచు తేలిక కాదు. కుదురుకున్న మంచు ఘనపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద ఒక్క అడుగు మందాన నిలిస్తే ఒక టన్ను అవుతుంది, ఇంటి కప్పు మీది మంచు కూడా దానిమీదికే జారిపడుతుంది. రేకు వేసిన మరుక్షణం అది పందిరి కాదు, కప్పు. దూలాలు, పునాదులు ఇంజనీరు లెక్క ప్రకారమే కట్టాలి. ఇంటి పునాది లోతుగా ఉండి కదలదు. పందిరి రాటల పునాదులు నాలుగడుగుల లోతుకు దిగకుండా పైనే ఆగితే చలికాలంలో లేచి, గోడకు బిగించిన దూలాన్ని పెకలిస్తాయి. నా సలహా అడిగితే గోడకు ఆనించకుండా, ఇంటి చూరుకు మూడు నాలుగు అడుగులు ఎడంగా, రేకులు లేకుండా విడిగా కట్టుకోమంటాను. వేసవి మధ్యాహ్నపు నీడకు వాసాలను తూర్పుపడమరలుగా పరిస్తే చాలు. మే మొదటి వారంలో విజయవాడలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కానీ, టొరంటోలో ఏడాది పొడవునా దక్షిణానికి వాలే ఉంటాడు.