మా మునిసిపాలిటీ చేతిలో డబ్బుందో లేదో తెలుసుకోవడం ఎలా?

"బడ్జెట్ అన్ని కోట్లంటారు, మా వీధి డ్రెయిన్లో పూడిక తీయమంటే నిధుల్లేవంటారు, ఏది నమ్మాలి?" అని అడిగారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. గోదావరి డెల్టాలో కాలువ గట్టునున్న ఓ మునిసిపాలిటీ అకౌంట్స్ సెక్షన్లో పదిహేనేళ్లు పనిచేశాను. ఊరి పేరు వద్దులెండి, ఇంకా అక్కడే ఉంటున్నాను.

ముందు బడ్జెట్ మొత్తం అంకెను పక్కన పెట్టండి. అందులో వస్తాయనుకున్న గ్రాంట్లు కూడా కలిపేస్తారు. వచ్చినవైనా ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి కుదరదు. 2021-26 కాలానికి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో మనలాంటి ఊళ్లకు 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడొచ్చు గానీ జీతాలకు తీయకూడదు. పర్మినెంట్ ఉద్యోగుల జీతాలు 010 పద్దు కింద ట్రెజరీ ఇస్తుంది, ఆ బాధ లేదు. ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు, రిపేర్లు అన్నీ జనరల్ ఫండ్ మీదే, అంటే పన్నుల్లాంటి సొంత రాబడి మీదే పడతాయి. మునిసిపాలిటీ బతుకు తెలిసేది అక్కడే.

నిల్వ అంకె ఎంత మోసం చేస్తుందో ఒక ఏప్రిల్లో చూశాను. వారంలో కాలువలు కట్టేస్తారు, వేసవికి తాగునీరు నిల్వ చేసే సమ్మర్ స్టోరేజి ట్యాంకు సగమే నిండింది. సరిగ్గా అప్పుడే పంపింగ్ మోటారు కాలిపోయింది. రివైండింగ్ షాపాయన పాత బిల్లు తేలేదాకా ముట్టుకోనన్నాడు. పుస్తకంలో చూస్తే నిల్వ మూడు కోట్లపైనే ఉంది. విప్పి చూస్తే కాంట్రాక్టర్ల డిపాజిట్లు, ఒక రోడ్డు స్కీము డబ్బు, జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాల్సిన సెస్సు. (మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సే. వసూలు చేస్తారు, పంపడానికే చెయ్యి రాదు.) మోటారు కోసం తీయగలిగింది ఏమీ లేదు. "నిల్వ మీ పుస్తకంలో ఉందండీ, నా రాగితీగ డబ్బులు నా జేబులోంచి పోయాయి" అన్నాడాయన. చివరికి చైర్మన్ గారు పూచీ ఉంటానని ఫోన్ చేస్తే రాత్రికి రాత్రి చుట్టి ఇచ్చాడు. డబ్బులు దసరాకు అందాయి.

అందుకే మీరు చూడాల్సింది డి.సి.బి. అంటే పన్ను డిమాండ్ (రావాల్సింది) ఎంత, కలెక్షన్ (వసూలైంది) ఎంత, బ్యాలెన్స్ (బకాయి) ఎంత. పాత బకాయిల వసూలు విడిగా చూడండి, ఏటా మార్చిలో బిల్ కలెక్టర్లు ఇంటింటికీ తిరిగి తెచ్చేది దాదాపు ఈ ఏడాది పన్నే. మా దగ్గరైతే పెద్ద బాకీదారులు ప్రభుత్వ ఆఫీసులే, నోటీసు ఇవ్వడానికి కూడా మొహమాటం. మీ పన్ను ఏటా పెరగడానికి కారణం వేరే. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను వచ్చింది. ఏడాదికి 15 శాతం మించకూడదన్న పరిమితి వల్ల మెట్లు మెట్లుగా ఎక్కుతోంది.

సమాచార హక్కు కింద నాలుగు అడగండి: మూడేళ్ల డి.సి.బి., మార్చి 31 నాటి నిల్వ పద్దుల వారీగా, చెల్లించని కాంట్రాక్టర్ల బిల్లుల రిజిస్టరు, కరెంటు బకాయి. 30 రోజుల్లో ఇవ్వాలి. చివరి రెండూ ఏటా పెరుగుతుంటే బడ్జెట్లో మిగులు చూపించినా ఊరు అప్పుల మీద నడుస్తున్నట్టే. ఈ జాబితా అడిగితే మా సెక్షన్లో అందరికీ టెన్షనే, అడిగేవాడు ఏడాదికి ఒక్కడు కూడా రాడు గనక.

మీ డ్రెయిన్ సంగతికి మాత్రం ఈ కాగితాల కోసం ఆగకండి. మే నెలలోనే వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి వెంటపడండి. వానలు మొదలయ్యాక ఎవరూ ఆ పూడికలో దిగరు.